ఉద్దానం గుట్టు వీడిందట, చూశావా?

కంచిలి,
ఆదివారం

ఒరే సూరీ,

నువ్వు పంపిన పేపర్ కటింగ్ చూశాను. "ఉద్దానం కిడ్నీ గుట్టు వీడింది" అని బారెడు హెడ్డింగు, అంటే మన ఊళ్లలో ఇంతమందికి కిడ్నీలెందుకు పాడవుతున్నాయో తేలిపోయిందని, కింద తెల్లకోట్ల వాళ్ల గ్రూపు ఫోటో. "ఇంక మనోళ్లకి మంచిరోజులేనా?" అని అడిగావు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే యవ్వారం కాదు. ఇవాళ ల్యాబ్ మూసేశాను, కరెంటు కూడా ఉంది, అందుకని కూర్చున్నాను. మధ్యలో చెల్లాయి ఏదైనా పని చెబితే చేసొచ్చి చదువు, ఉత్తరం ఎక్కడికీ పారిపోదు.

ముందు ఆ కటింగు సంగతి. ఇలాంటి వార్తల్ని నేను కింద నుంచి పైకి చదువుతాను. ఆఖరి పేరాలో "దీనిపై మరింత లోతైన అధ్యయనం జరగాల్సి ఉంది" అని ఉంది చూశావా? అసలు వార్త అదీ. దాని పైన "కారణం కావచ్చని భావిస్తున్నారు". ఇంకాస్త పైకెళ్తే "ముఖ్య కారణమని తేల్చారు". హెడ్డింగు దగ్గరికొచ్చేసరికి గుట్టు వీడిపోయింది! ఎంతమందిని పరీక్షించారో లేదు. జబ్బు లేనివాళ్లతో పోల్చి చూశారో లేదో లేదు. ఏ జర్నల్లో వచ్చిందో లేదు. పెద్దసారు అభినందించిన ముక్క మాత్రం ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నువ్వు హైదరాబాద్ వెళ్లిపోయావు కాబట్టి నీకిది కొత్త. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఈ ఏడు మండలాల్లో ఉన్నవాళ్లకి గుట్టు వీడటం అలవాటైపోయింది. ఒకసారి బోరు నీళ్లలో సిలికా అన్నారు. ఒకసారి భారలోహాలు, ఒకసారి పురుగుమందులు. ఒళ్లు నొప్పులకి కిరాణా కొట్లో కొనుక్కు మింగే మాత్రలన్నారు. ఎండలో పని చేసి నీళ్లు తాగకపోవడం అన్నారు, వంశపారంపర్యం అన్నారు. వీటిలో ఏదీ పిచ్చిమాట కాదు. రెండుమూడు కలిసి కూడా పని చేస్తుండొచ్చు. కానీ వచ్చిన ప్రతి వార్తా ముందు వార్త ఊసే ఎత్తదు, ఆ సిలికా ఏమైంది నాయనా అని అడిగేవాడు లేడు. డాక్టర్లు మాత్రం ఈ జబ్బు పేరులోనే "కారణం తెలియని" అని పెట్టుకున్నారు. షుగరుండదు, బీపీ మొదట్లో ఉండదు, మూత్రంలో ప్రొటీను కూడా పెద్దగా పోదు, కిడ్నీ మాత్రం లోపల్లోపల ఎండిపోతూ ఉంటుంది. ఒళ్లు ఉబ్బి మనిషి ఆసుపత్రికి వెళ్లేసరికి సగానికి పైగా అయిపోయి ఉంటుంది.

మనం ఒక్కళ్లమే కాదు. శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులకి 1990ల నుంచీ ఇదే గోల. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకీ ఇదే. శ్రీలంక కథ మన పేపరోళ్లకి ఒకసారి చదివి వినిపించాలి. 2014లో అక్కడ కొందరు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు: గ్లైఫోసేట్ అనే కలుపుమందు, కఠిన జలం, ఆర్సెనిక్ కలిసి కిడ్నీని దెబ్బతీస్తుండొచ్చని. "ఇలా జరుగుతుండొచ్చు" అన్న ఊహ మాత్రమే అది, రుజువు కాదు, వాళ్లు కూడా అలాగే రాసుకున్నారు. మరుసటేడు, 2015లో, దేశం మొత్తం మీద ఆ మందుని నిషేధించారు. 2018లో టీ, రబ్బరు తోటలకి మినహాయింపిచ్చారు, తర్వాత నిషేధమే ఎత్తేశారు. ఆ మందు మంచిదని నేననను, చేతులకి తొడుగు లేకుండా కొట్టే మనవాళ్లని చూస్తే నాకే గుండె దడ. కానీ నిషేధం పెట్టినా, తీసినా, జబ్బుకి కారణమేటో మాత్రం తేలలేదు. అక్కడి రైతు ఏం నమ్మాలి చెప్పు?

తప్పంతా విలేకరిదే అనుకోకు. మన సోంపేట విలేకరి పాపం రోజుకి ఎన్ని వార్తలు కొట్టాలో. పైనుంచి ప్రెస్ నోటొస్తుంది, దాన్నే దించుతాడు. బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు ఈ ప్రెస్ నోట్ల మీదే పరిశోధన చేశారు, 2014 డిసెంబర్లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. 20 యూనివర్సిటీలు 2011లో ఇచ్చిన 462 ఆరోగ్య ప్రెస్ నోట్లు తీసి అసలు పరిశోధన పత్రాలతో పోల్చారు. జనానికిచ్చే సలహాలో 40 శాతం నోట్లు అతి చేశాయి. ఫలానాది దీనివల్లే అని తేల్చి చెప్పడంలో 33 శాతం. ఎలుకల మీద చేసింది మనుషులకి అంటగట్టడంలో 36 శాతం. అంటే గోరంతని కొండంత చేసే పని పేపరాఫీసులో కంటే ముందు యూనివర్సిటీలోనే మొదలవుతోంది. గ్రాంట్లు రావాలి, ర్యాంకులు రావాలి, ఏం చేస్తారు మరి.

సరే, నా దుకాణం సంగతికొస్తాను. నువ్వెప్పుడూ "సీసాల్లో రంగునీళ్లు కలుపుకుంటూ కూర్చుంటావు" అని ఎక్కిరిస్తావు కదా, ఆ రంగునీళ్లలోనే ఉంది కిటుకంతా. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడపోసి బయటికి పంపాల్సిన చెత్త, కిడ్నీ చెడితే రక్తంలో పెరుగుతుంది. ఆ పరీక్షకి మా లాంటి చిన్న ల్యాబుల్లో వాడేది పాత పద్ధతి. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీటిలో, పిక్రిక్ యాసిడ్, కొంచెం క్షారం కలిపితే నారింజ రంగొస్తుంది. ఎంత ముదురు రంగొస్తే అంత క్రియాటినిన్. చవక, తొందరగా అవుతుంది. కానీ ఆ రంగు ఒక్క క్రియాటినిన్‌కే రాదు, రక్తంలో ఉన్న ఇంకొన్నిటికీ వస్తుంది. ఎంజైముతో చేసే పద్ధతుంది, అది దానికంటే నిక్కచ్చి, ఖర్చూ ఎక్కువే. ఇంక మనిషి సంగతి చూడు. మే నెలలో పొద్దుటి నుంచి కొబ్బరిచెట్లు ఎక్కి దిగి, చుక్క నీళ్లు తాగకుండా మధ్యాహ్నం సరాసరి వచ్చి చెయ్యి చాపుతాడు. ముందురోజు రాత్రి చుట్టాలింట్లో వేటమాంసం తిని ఉంటాడు. అంకె కొంచెం పైకి లేస్తుంది. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, కడుపునిండా నీళ్లో చోడంబలో తాగి వస్తే మళ్లీ కిందకి దిగుతుంది.

అందుకే డాక్టర్ల పుస్తకంలో ఒక నియమముంది: క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి పెట్టి కట్టిన కిడ్నీ వడపోత లెక్క 60 కంటే తక్కువొచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక జబ్బనకూడదు, మూడు నెలలు దాటాక కూడా అలాగే ఉంటేనే అనాలి. ఇప్పుడు సర్వేల సంగతి ఆలోచించు. ఒక జీపులో వస్తారు, బడి వరండాలో బల్లలు వేస్తారు, సాయంత్రానికి రక్తం, మూత్రం పట్టుకుని పోతారు. మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చి అదే మనిషికి అదే పరీక్ష చేసేవాళ్లు తక్కువ. ఒక్కసారి తీసిన అంకెతోనే "ఊళ్లో ఇంతమందికి కిడ్నీ జబ్బు" అని శాతం కట్టేస్తారు. ఆ శాతం హెడ్డింగవుతుంది. జబ్బు లేదనట్లేదురా, ఉంది, మన ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలకి దండలున్నాయి. కానీ శాతం చెప్పేవాణ్ని "రెండోసారి చూశారా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సగం మంది నీళ్లు నములుతారు.

ఇంక నాకు కడుపు మండే విషయం చెబుతాను. మన పక్క ఊళ్లో కొబ్బరికాయలు దింపే ముసలి కార్మికుడు ఒకాయన మా ల్యాబుకొస్తుంటాడు. ఆయన మాట యథాతథంగా రాస్తున్నా: "ఒచ్చినోళ్లందరూ మా రగతం పట్టుకెల్తన్నారు బావూ. ఏటొచ్చినాదో ఒక్కడూ సెప్పడు. ఆదార్ కార్డు మాత్తరం అందరూ అడుగుతారు." ఆధార్ జిరాక్సెందుకురా రక్తపరీక్షకి? అడిగితే "రూలండీ" అంటారు. అంగీకార పత్రమని ఒకటుంటుంది. ఈ మధ్య వచ్చిన ఒక కాలేజీవాళ్లది నేను చూశాను, నాలుగు పేజీలూ ఇంగ్లీషు, ఆఖర్న గీత, ఆ గీత మీద వేలిముద్ర. చదివి వినిపించినవాడు లేడు.

ఈ వేలిముద్రల కథ మన రాష్ట్రానికి కొత్త కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా గిరిజన ప్రాంతాల్లో, అటు గుజరాత్‌లో వడోదరలో, ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది, వేసి అధ్యయనం చేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం అందరూ ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవై 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులకి టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది, టీకా కూడా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు. కానీ అంగీకార పత్రాల మీద సంతకాలెవరివో తెలుసా? హాస్టల్ పిల్లల బదులు వార్డెన్లు పెట్టేశారు, రెండువేల పైచిలుకు ఫారాల మీద. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా దులిపింది. ఆ దెబ్బతో చాలామందికి మిగిలిందేటంటే, టీకా అంటేనే అనుమానం. సంతకం దగ్గర చేసిన నిర్లక్ష్యానికి మంచి మందు చెడ్డపేరు మోసింది.

గోప్యత అంటే నీకు బ్యాంకు ఖాతా, పాస్‌వర్డు. మీ ఆఫీసులో దానికో శాఖే ఉంటుంది. ఇక్కడ గోప్యత అంటే పెళ్లి సంబంధంరా. ఉద్దానం పిల్లంటే, పిల్లాడంటే బయట ఊళ్లవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు. మొన్న ఒక ఊళ్లో సర్వేవాళ్లు తయారు చేసిన జాబితా, పేర్లూ ఇంటిపేర్లూ క్రియాటినిన్ అంకెలతో సహా, ఎవడో ఫోన్లో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. ఉపకారమే అనుకున్నాడు, "మీ పేరుంటే ఆసుపత్రికి వెళ్లండి" అని కింద రాశాడు కూడా. ఆ జాబితాలో ఒక తండ్రి పేరు చూసి, మాటిచ్చుకున్న సంబంధం వాళ్లు తాంబూలాలకి రాలేదు. ఆయన అంకె 1.5, అంటే కాస్త ఎక్కువ. రెండోసారి చూస్తే ఎంతొచ్చేదో ఎవరికీ తెలీదు, చూడలేదు కదా! ఏ హ్యాకరూ అక్కర్లేకపోయింది, ఒక బల్ల మీద కాగితం, ఒక ఫోను చాలాయి.

పేర్లు తీసేస్తే సరిపోతుందంటావా? అమెరికాలో 1990లలో లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని, పేర్లు తీసేసి ఇచ్చిన ఆసుపత్రి రికార్డుల్లోంచి సాక్షాత్తూ మసాచుసెట్స్ గవర్నర్ రికార్డుని బయటికి లాగింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్, ఈ మూడింటినీ ఓటర్ల జాబితాతో సరిపోల్చింది, అంతే. అక్కడి జనాభాలో 87 శాతం మందిని ఆ మూడింటితోనే గుర్తుపట్టొచ్చని తర్వాత లెక్క తేల్చింది. మన ఊళ్లో అంత చదువు కూడా అక్కర్లేదు. మొన్న ఒక పేపర్లో డయాలసిస్ రోగి మీద కథనం వేశారు. పేరు పక్కన "పేరు మార్చాం" అని మర్యాదగా రాశారు. ఆ తర్వాత ఊరు పేరు, వయసు, ఇద్దరు కొడుకులు చెన్నైలో ఉంటారని, తిత్లీ తుపానుకి తోట మొత్తం పోయిందని, గుడి పక్క సందులో ఇల్లని రాశారు. ఇంక మార్చిందేటి?

చట్టం ఉంది కదా అంటావు. ఉంది. 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కంది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమొచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలొచ్చాయి, అవి పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువు పెట్టారు. జరిమానా 250 కోట్ల దాకా వెయ్యొచ్చట, వింటానికి బాగుంది. అదే చట్టంలో పరిశోధనకి, గణాంకాలకి మినహాయింపుంది: కొన్ని ప్రమాణాలు పాటించాలి, ఆ డేటాతో ఫలానా మనిషి మీద నిర్ణయాలు తీసుకోకూడదు. ఆ మినహాయింపు ఉండాలనే నేనంటాను, లేకపోతే ఈ జబ్బు కారణం ఎప్పటికీ దొరకదు. కాకపోతే బల్ల మీద జాబితా వదిలేసి టీకి వెళ్లిన కుర్రాడికి ఈ సెక్షన్లేవీ తెలీవు. అదీకాక కాగితం మీద రాసుకుని కాగితం మీదే ఉండిపోయిన జాబితాకి ఆ చట్టం వర్తించదు కూడా, అది డిజిటల్ డేటాకే. మన గొడవంతా కాగితాలతోనే కదా. ఆభా నంబరు, అదే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు, కూడా అలాగే. పద్నాలుగంకెలది, ఇష్టమైతేనే తీసుకోవచ్చు. కానీ ఓపీ చీటీ దగ్గర నిలబడ్డవాడికి ఇష్టమా కాదా అని అడిగేదెవరు.

ఇదంతా చదివి నేను "సర్వేలొద్దు, అన్నీ మోసం" అనే జట్టులో చేరిపోయాననుకునేవు. ఆ జట్టు ఇక్కడ బాగానే ఉంది. పసరు పోసి కిడ్నీ కడిగేస్తానన్నవాణ్ని నమ్ముతారు, డాక్టరు రాసిన పరీక్ష మాత్రం కంపెనీల కుట్ర. వాళ్లతో నాకు పొసగదు. పేపర్లు గోల పెట్టాయి, లెక్కలు తీశారు కాబట్టే కదా హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులేసి 700 కోట్లతో సుజలధార తాగునీటి పథకం తెచ్చారు, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు, డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛనొస్తోంది. శాతాలు అటూ ఇటూ అయినా ఆ గోల ఊరికే పోలేదు. కొత్త నీళ్లొచ్చాక కొత్త రోగులు తగ్గారా లేదా అన్నది కొన్నేళ్లు వరసగా, ఒకే పద్ధతిలో, అవే ఊళ్లలో చూస్తే గానీ తెలీదు. హెడ్డింగుకి పనికిరాని చాకిరీ అది, దానికే ఎక్కువ డబ్బు పెట్టాలంటాను నేను.

అందుకని మా ఊళ్లో ఒక పని మొదలుపెట్టాం. వచ్చే నెల ఇంకో బృందం వస్తోందట. పంచాయతీలో కూర్చుని మాట్లాడుకున్నాం: రక్తం ఇద్దాం, కానీ అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, ఫలితం కవర్లో పెట్టి ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి, ఎక్కువొచ్చినవాళ్లకి మూడు నెలలు దాటాక మళ్లీ చెయ్యాలి, ఆధార్ జిరాక్సు ఇవ్వం. సర్పంచి "మరీ ఇంత పట్టుబడితే రారేమో" అని గొణిగాడు. రాకపోతే రానీ అన్నారు ఆడవాళ్లు, ఆయన నోరు మూతపడింది.

తెలుగు పత్రం నేనే ఒకటి రాశాను, రెండు పేజీలు, ఇందులోనే పెడుతున్నాను. మీ పాప పబ్లిక్ హెల్త్ చదువుతోంది కదా, దాని చేత ఒకసారి చూపించు. "నమూనాలని తర్వాత వేరే పరిశోధనకి వాడుకోవచ్చా" అన్న వాక్యం దగ్గర నాకు తెగట్లేదు: ఒప్పుకోవాలా, మళ్లీ అడగాలని పెట్టాలా? ఎర్రపెన్నుతో దిద్దమను, బాబాయని మొహమాటపడొద్దను. పదిహేనో తారీఖులోపు నాకు చేరాలి.

చెల్లాయినీ పాపనీ అడిగానని చెప్పు. నీకు నలభై ఐదు దాటింది, నొప్పి మాత్రలు తగ్గించు, క్రియాటినిన్ ఒకసారి చేయించుకో, ఎంజైము పద్ధతిలో చేసే ల్యాబులోనే.

నీ
రామూ