ధ్రువ కాంతుల ఫొటోల కింద సెకన్లు కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో, రాత్రి ఆకాశంలో రంగురంగులుగా వెలిగే ఉత్తర ధ్రువ కాంతుల (అరోరా) ఫొటోలు చూశాను. ముచ్చటగా ఉన్నాయి. అయితే సరిగ్గా అలాంటి ఫొటోలనే మనసులో పెట్టుకొని కిందటి ఫిబ్రవరిలో నార్వేలోని ట్రోమ్సోకు వెళ్లినవాడిగా, ఆ పేజీలో లేని ఒక సంగతిని పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న ఆ ఊరి దీపాలకు దూరంగా, గడ్డకట్టిన ఒక సరస్సు ఒడ్డున చాలాసేపు నిలబడ్డాం. తొమ్మిదిన్నర ప్రాంతంలో కొండ వెనుక నుంచి బూడిదరంగు చార ఒకటి లేచింది. పలచటి మబ్బు కాబోలనుకొని నేను పట్టించుకోలేదు. పక్కనున్నావిడ ఫోన్‌ను స్టాండుకు బిగించి మూడు సెకన్ల ఫొటో తీయగా, అదే చార తెర మీద చిలకపచ్చ రంగులో మెరిసిపోతోంది. ఫోన్ వంక, ఆకాశం వంక మార్చి మార్చి చూసి, నా కళ్లకే ఏదో అయిందనుకున్నాను. ఆ చార గుండా నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తున్నాయని గమనించాకే అది మబ్బు కాదని నమ్మకం కుదిరింది.

సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం కల్లోలపడినప్పుడు, ఆ క్షేత్ర రేఖల వెంట ధ్రువ ప్రాంతాల్లోకి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులను తాకితే ఆకుపచ్చ వెలుగు, 200 కిలోమీటర్లకు పైన తాకితే ఎర్రటి వెలుగు పుడతాయి. కానీ ఆ వెలుగు పలచగా ఉన్నంతసేపూ మన చూపు కంటి వెనుక పొర అయిన రెటీనాలో, మసక వెలుతురులో పనిచేసే దండ కణాల మీదే ఆధారపడుతుంది. వాటికేమో రంగుల తేడా తెలియదు. కెమెరా సెకన్ల తరబడి వెలుతురును పోగుచేసుకొని రంగును బయటపెడుతుంది. 2024 మే 10-11 నాటి తీవ్ర సౌర తుపాను వేళ లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధనశాల కెమెరాలకు ఆకాశంలో ఎర్రటి వెలుగు చిక్కడం కూడా ఇలాంటిదే. కాబట్టి ఫొటోలు అబద్ధమని నేను అనడం లేదు.

పదకొండు దాటాక ఆ చార ఒక్కసారిగా కాంతి పుంజుకొని నడినెత్తికి పాకింది. అప్పుడు కంటికే రంగులు తెలిశాయి: లేత ఆకుపచ్చ, కింది అంచున క్షణకాలం గులాబీ. మడతలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతుంటే కాళ్ల కింది మంచు సైతం పచ్చబడింది. ఇంత జరుగుతున్నా చిన్న చప్పుడైనా లేదు. ఆ పరుగు ఏ ఫొటోలోనూ రాలేదు, ఎందుకంటే సెకన్ల పాటు తెరచి ఉంచిన కెమెరాలో మడతలన్నీ అలుక్కుపోతాయి. రంగు విషయంలో కంటిని మించిన కెమెరా, కదలిక దగ్గర దానికి సాటి రాలేకపోయింది. 1899లో ఐస్‌లాండ్‌కు వెళ్లిన డెన్మార్క్ శాస్త్రవేత్తల బృందం హరాల్డ్ మోల్ట్కే అనే చిత్రకారుణ్ణి వెంట తీసుకెళ్లి ధ్రువ కాంతులను చిత్రాలుగా గీయించింది. అప్పటి కెమెరాలతో ఆ రంగులు పట్టడం సాధ్యం కాకపోయినా, కంటికి కనిపించింది గీసే మనిషి ఉండడం నాకు ఇప్పటికీ మంచి ఏర్పాటుగానే తోస్తుంది.

ఇకపై ఇలాంటి ఫొటోలు వేసినప్పుడు, ఎన్ని సెకన్లు తెరచి తీశారో, ఆ వేళ మామూలు కంటికి ఎలా కనిపించిందో ఒక్క వాక్యం కింద చేర్చవలసిందిగా నా మనవి. మాతో వచ్చిన ఇద్దరు ఆ బూడిద చారను చూసి, 'ఇంతేనా' అనుకొని పదింటికే బస్సెక్కి పడుకున్నారు. అద్దాలకు మంచు పట్టి వారికి బయటిదేమీ కనిపించలేదు. మేము తలుపు తట్టి లేపేసరికి ఆకాశంలో మళ్లీ బూడిద చారే మిగిలింది.

ఇట్లు,
మీ పాఠకుడు