కారు ర్యాలీకి తీరిక ఉంది, ఓటుకు లేదు

సంపాదకులకు,

నమస్కారం. అమెరికా స్వాతంత్ర్య దినోత్సవాన్ని ఇక్కడి తెలుగువారు జరుపుకున్న తీరుపై మీ ప్రవాస పుటలో వచ్చిన వార్త చదివి పది రోజులు దాటింది. వెంటనే రాస్తే కోపంతో రాసినట్టుంటుందని ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు కనుక రాస్తున్నాను. ఆ వార్తలో పులిహోర ఉంది, బాణసంచా ఉంది, శాలువాలు కప్పించుకున్న పదకొండు మంది పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. 1776 గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. 250 ఏళ్ల కిందట జులై 4న అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిందన్న ఆ ఒక్క వాక్యమూ తప్పే.

రాలేదండీ. ఆ రోజు జరిగింది స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని ఆమోదించడం. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకోవాలన్న తీర్మానం ఫిలడెల్ఫియాలో వలస రాష్ట్రాల ప్రతినిధుల సభలో నెగ్గింది జులై 2న. రాబోయే తరాలు ఆ రెండో తేదీనే పండుగ చేసుకుంటాయని ఆ సభలో సభ్యుడు, తర్వాత దేశాధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ తన భార్యకు ఉత్తరం కూడా రాశాడు. సంతకాల్లో ఎక్కువ భాగం పడింది ఆగస్టు 2న. ఆ తర్వాత యుద్ధం ఏళ్ల తరబడి సాగి, 1781లో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన లొంగిపోయాక, 1783లో పారిస్ సంధితో గానీ బ్రిటన్ ఒప్పుకోలేదు. ఈ కార్న్‌వాలిస్ మనకు కొత్తవాడు కాడు. అక్కడ ఓడిన అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయ విధానం పెట్టిన పెద్దమనిషి ఇతనే. ఆ విధానమే తర్వాత ఉత్తర సర్కారులకూ వచ్చి మన జిల్లాల్లో జమీందార్లను స్థిరపరిచింది. అంతకుముందు 1773లో బ్రిటన్ పన్నుకు నిరసనగా బోస్టన్ రేవులో జనం నీళ్లపాలు చేసిన తేయాకు పెట్టెలు ఈస్టిండియా కంపెనీవి. మా తాతముత్తాతలు ఏ కంపెనీకి శిస్తు కట్టారో ఆ కంపెనీ సరుకే ఇక్కడ సముద్రంలో కలిసింది. ఇంత దగ్గర చుట్టరికం ఉన్న చరిత్రను పులిహోర పక్కన ఒక్క వాక్యంతో సరిపెట్టడం మీ పత్రికకు తగునా అని అడుగుతున్నాను.

ఇక ఆ ప్రకటన గొప్పదనం గురించి వేదిక మీద మాట్లాడిన మన పెద్దలు చెప్పని సంగతి ఒకటుంది. మనుషులంతా సమానంగా పుట్టారని రాసుకున్న దేశమే 1790లో పౌరసత్వ చట్టం చేసి, శ్వేతజాతికి చెందిన స్వతంత్రులకు మాత్రమే తలుపు తీసింది. ఈ దేశపు సైన్యంలోనే పనిచేసిన భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ పౌరసత్వం విషయంలో, భారతీయులు శ్వేతజాతి కిందికి రారని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వాన్ని కూడా ఆ తీర్పు చూపించి లాక్కున్నారు. 1946లో గానీ మనకు పౌరసత్వం దక్కలేదు, అదీ ఏడాదికి వంద మందికి ప్రవేశం అన్న లెక్కతో. 1965లో రెండు చట్టాలు వచ్చాయి: అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారి ఓటును కాగితం మీద నుంచి నేల మీదకు తెచ్చినది ఒకటి, మనలాంటివారికి వలస ద్వారం తెరిచినది మరొకటి. అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద ఆ ఏడాది మార్చిలో నల్లజాతివారు లాఠీ దెబ్బలు తిన్నది ఓటు కోసం. ఆ దెబ్బల పుణ్యం మన వీసాల్లోనూ ఉందని నేను నమ్ముతాను.

ఆ పుణ్యాన్ని మనం ఎలా ఖర్చు పెడుతున్నామో చెప్పడానికే ఈ ఉత్తరం. మేముండేది డల్లాస్ శివారులో. టెక్సస్‌లో నగర కౌన్సిలుకు, స్కూల్ బోర్డుకు ఎన్నికలు సాధారణంగా మే మొదటి శనివారం జరుగుతాయి. 2024లో అది మే 4. మా పేట లైబ్రరీలో పోలింగు. నేను వెళ్లేసరికి వరుస లేదు, నా ముందు ఒక ముసలి దంపతులు, నా వెనక ఎవరూ లేరు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ నా లైసెన్సు చూసి ఇంటిపేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, నవ్వేసి, ఓటు వేశానని చెప్పే స్టిక్కరు చేతిలో పెట్టింది. మొత్తం ఏడు నిమిషాలు. బయటికొస్తే రోడ్డుకు అవతల షాపింగ్ కాంప్లెక్సు పార్కింగులో నలభై యాభై కార్లు, బానెట్ల మీద జెండాలు, హారన్లు, డప్పు. ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కోసం కారు ర్యాలీ. అందులో మా వీధి కుర్రాడు కనబడితే ఓటు వేశావా బాబూ అని అడిగాను. "పదమూడో తేదీ కదండీ అంకుల్," అన్నాడు. అతను ఈ దేశ పౌరుడై ఆరేళ్లయింది. మే 13న ఆంధ్రలో జరిగే పోలింగులో అతనికి ఓటు లేదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు విమానం ఎక్కిస్తుందే గానీ పోలింగు కేంద్రంలోకి పోనివ్వదు. ఓటున్న చోటు రోడ్డుకు ఇవతల, ఏడు నిమిషాల దూరంలో ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఏది ఇల్లో ఏది రచ్చో మనవాళ్లకు ఇంకా తేలినట్టు లేదు. ఇళ్ల మీద పన్ను పెరిగిందని ప్రతి శరదృతువులో మా వాట్సాప్ గ్రూపులో ఏడుపులు వినిపిస్తాయి. ఈ రాష్ట్రంలో ఆ పన్నులో అతి పెద్ద వాటా స్థానికంగా బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టులదేనని, రేటు పెట్టేది ఆ మే నెలలో ఎన్నికయ్యే బోర్డేనని ఎవరూ గుర్తు చేసుకోరు. ఒక్క ఓటుతో ఏమవుతుందని అనేవారు 2017లో వర్జీనియా రాష్ట్ర ప్రతినిధుల సభ 94వ నియోజకవర్గంలో ఏం జరిగిందో చదువుకోవాలి. ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లు వస్తే, పాత ఫిల్ము డబ్బీల్లో చీటీలు పెట్టి గిన్నెలోంచి ఒకటి తీసి గెలుపు తేల్చారు. ఆ చీటీతోనే సభలో ఒక పార్టీకి 51, రెండో పార్టీకి 49 స్థానాలయ్యాయి. ఇంటిపేరు చూసి కులం పోల్చుకుని ఓటు వేసే అలవాటును సముద్రాలు దాటించి తెచ్చుకున్నవారి గురించి వేరే ఉత్తరం రాయాలి.

ఇందులో నాయకుల పాత్ర కూడా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి, అన్ని పార్టీల నుంచి ఏడాది పొడవునా ఎవరో ఒకరు ఇక్కడ దిగుతూనే ఉంటారు. ఆత్మీయ సమావేశం, భోజనం, ఫొటో, విరాళం. మీరు ఉంటున్న ఊళ్లో ఓటరుగా నమోదయ్యారా అని అడిగిన మంత్రిని గానీ ఎమ్మెల్యేను గానీ నేను ఇంతవరకు చూడలేదు. మీ పత్రిక ఆ సమావేశాలకు మూడు కాలమ్‌లు ఇస్తుంది, శాలువాల లెక్క ఒక్కటి కూడా తప్పదు.

నేనేమీ శుద్ధపూసను కాను. వంద ప్రశ్నలు కంఠతా పట్టి పరీక్ష నెగ్గి, ప్రమాణం చేసి బయటికొస్తే, తలుపు దగ్గర స్వచ్ఛంద కార్యకర్త ఒకామె ఓటరు నమోదు కాగితం ఇచ్చింది. దాన్ని కారు డాష్‌బోర్డు అరలో పెట్టి మరచిపోయాను. నవంబరు దగ్గరపడ్డాక తీసి చూస్తే గడువు దాటిపోయింది. ఈ రాష్ట్రంలో పోలింగుకు ముప్పై రోజుల ముందే నమోదు కావాలి. ఆ ఏడాది ఓటు లేక ఇంట్లో కూర్చుని టీవీలో ఫలితాలు చూశాను, మా ఆవిడ మాత్రం వేసి వచ్చి స్టిక్కరు ఫ్రిజ్ మీద అంటించింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అలాగని గ్రీన్‌కార్డు వాళ్లు ఉత్సాహపడి నమోదు చేసుకోకూడదు. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపించేస్తారు.

జులై 4 వార్తకు సవరణ వేయమని కోరుతున్నాను. దానికి చోటు లేదంటే, తర్వాతి సన్మాన వార్త కింద మిగిలే రెండు పంక్తుల్లో ఇది వేయండి: ఈ ఏడాది పోలింగు నవంబరు 3న, టెక్సస్‌లో ఓటరు నమోదుకు ఆఖరి రోజు అక్టోబరు 5.

భవదీయుడు,
మీ పాత పాఠకుడు, డల్లాస్ శివారు నుంచి