రాయీ రంగూ ఒకేచోట చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల్లో పిల్లల్ని అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి, ఆ తర్వాత చంద్రగిరి కోటకు తీసుకెళ్లాం. ఒకచోట సైన్సు, ఇంకోచోట రాజమహల్ మ్యూజియంలోని శిల్పాలు. రెండూ బాగున్నాయి. ఈ రెండింటినీ కలిపి చూపించే గ్యాలరీ ఒకటి తిరుపతిలో ఉండాలని నా కోరిక.

దానికి కావలసినదంతా మన చుట్టూనే ఉంది. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లతో గీస్తే గీసిన చోటల్లా నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలవడమే కారణం. కెమిస్ట్రీ పాఠం ఇంతకంటే అందంగా ఎవరు చెప్పగలరు! తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రెండు శిలల పొరల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల అంతరం ఉంది. రోజూ వేలమంది బస్సుల్లో దాన్ని దాటిపోతున్నారు. శిలాతోరణం, ఎర్రచందనం, శేషాచలం బంగారు బల్లి సరేసరి.

పెద్ద భవనం అక్కర్లేదు. ఉన్నచోటే ఒక హాలు, తెలుగులో పెద్ద అక్షరాల బోర్డులు, శని ఆదివారాల్లో తగిన పారితోషికంతో పిల్లల ముందు బొమ్మ వేసే కలంకారీ కళాకారులు ఉంటే చాలు. వచ్చే వేసవిలోపు అధికారులు ఆలోచించాలని మనవి.

– ఒక పాఠకురాలు, తిరుపతి