మంజూరు కాగితం చేతిలో ఉంటే సబ్సిడీ వచ్చినట్టేనా?

సంపాదకులకు,

దివిటిపల్లిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) మందుల కంపెనీలు, పెంజర్లలో బహుళజాతి సంస్థల ప్లాంట్లు ఉన్నాయి. ఇలాంటివి పాలమూరుకు, నల్లగొండకు ఇంకా రావాలంటే పన్ను తగ్గించాలని కొందరు, రాయితీలు పెంచాలని కొందరు వాదిస్తున్నారు. ప్రకటించిన దాంట్లో చేతికొచ్చేదెంత, ఎప్పుడొస్తుంది అన్న లెక్క మాత్రం ఎవరూ వేయడం లేదు.

2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 22 శాతానికి దించింది. సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం. కొత్త తయారీ కంపెనీలకు 17.16 శాతమే అన్నది, కానీ అది 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టినవారికే. ఇప్పుడు కొబ్బరికాయ కొట్టే ఫ్యాక్టరీకి ఆ రేటు లేదు. అయినా ప్రాజెక్టు రిపోర్టులో 17 శాతం వేసుకొని బ్యాంకు మెట్లెక్కేవారు ఇంకా ఉన్నారు. విదేశీ పెట్టుబడిదారుకు ఎక్కువ కలిసొచ్చింది 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ (వాటాదారులకు పంచే లాభం) పంపిణీ పన్ను పోవడం. సింగపూర్, నెదర్లాండ్స్ లాంటి దేశాలవారికి పన్ను ఒప్పందాల ప్రకారం ఇప్పుడు డివిడెండ్‌పై 10–15 శాతంతో సరిపోతుంది.

మన మిల్లుల సంగతి వేరు. మిర్యాలగూడలో మిల్లు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌గా నడిస్తే పన్ను 31.2 శాతం. 50 లక్షల లాభం మీద ఫర్మ్ 15.6 లక్షలు కడితే, అదే లాభానికి కంపెనీ కట్టేది 12.58 లక్షలు. అలాగని అందరూ కంపెనీగా మారాల్సిన పనిలేదు. ఫర్మ్‌లో భాగస్వామి లాభం వాటాపై మళ్లీ పన్ను ఉండదు, కంపెనీ నుంచి డివిడెండ్ తీసుకుంటే ఉంటుంది. లాభాన్ని మిషన్ల మీదే తిరిగి పెట్టేవారికే కంపెనీ లాభం.

అసలు చిక్కు రాయితీల్లో ఉంది. 2014 నాటి తెలంగాణ పరిశ్రమల రాయితీ పథకం టీ-ఐడియాలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్థిర పెట్టుబడిలో 15 శాతం, గరిష్ఠంగా 20 లక్షలు ఇస్తామన్నారు. కరెంటు యూనిట్‌కు రూపాయి చొప్పున అయిదేళ్లు, ఇవి కాక అప్పుపై పావలా వడ్డీ రాయితీ. ఉత్పత్తి మొదలైన 6 నెలల్లో క్లెయిము పెట్టాలి, జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు వచ్చి చూడాలి, కమిటీ మంజూరు చేయాలి. అక్కడితో కాగితం చేతికొస్తుంది. డబ్బు మాత్రం బడ్జెట్ విడుదలను బట్టి, వరుస క్రమంలో. ఆ వరుస ఏళ్ల తరబడి కదలదు. 20 లక్షలు నాలుగేళ్లు ఆలస్యమైతే, 11 శాతం వడ్డీ లెక్కన దాని నేటి విలువ 13 లక్షల పైచిలుకు మాత్రమే. సబ్సిడీ వస్తుందన్న ధీమాతో తెచ్చిన అప్పు వడ్డీ మిగతాదాన్ని తినేస్తుంది.

వచ్చినదానిపైనా పన్ను ఉంది. మిషన్ల మీద వచ్చిన సబ్సిడీని వాటి ఖరీదులోంచి తగ్గించాలి, కాబట్టి తరుగుదల (మిషన్ అరుగుదల కింద ఏటా లాభంలోంచి తీసేసే మొత్తం) తగ్గి పన్ను పెరుగుతుంది. కరెంటు, వడ్డీ రాయితీలు నేరుగా ఆదాయమే. రాష్ట్రం 10 లక్షలిస్తే ఫర్మ్ నుంచి 3.12 లక్షలు ఢిల్లీకి పోతాయి. ఖర్చుగా రాసుకున్నది తిరిగొస్తే పన్ను వేయడంలో అన్యాయం లేదు గానీ, ఆ ముక్క ప్రభుత్వ బ్రోచర్‌లో కనపడదు.

రాయితీగా ఇస్తామనే ఎస్‌జీఎస్‌టీ (జీఎస్‌టీలో రాష్ట్రం వాటా) వాపసు కూడా అంతే. సరుకు మహారాష్ట్రకో కర్ణాటకకో పోతే పడేది ఐజీఎస్‌టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాలపై కేంద్రం వసూలు చేసే జీఎస్‌టీ. రాష్ట్ర ఖజానాకు నికరంగా కట్టిన ఎస్‌జీఎస్‌టీ లేనప్పుడు తిరిగి ఇచ్చేదీ ఉండదు. సరుకంతా బయటి రాష్ట్రాలకు అమ్మే ఫ్యాక్టరీకి ‘100 శాతం వాపసు’ అంటే సున్నాలో నూరు శాతమే.

విదేశీ కంపెనీలు చూసేది రేటుతో పాటు మాట నిలకడను కూడా. సెజ్ యూనిట్లకు ఎగుమతి లాభంపై మొదటి అయిదేళ్లు పూర్తి మినహాయింపు అన్నారు. 2011 బడ్జెట్‌లో 18.5 శాతం మ్యాట్ (మినహాయింపులున్నా కట్టాల్సిన కనీస పన్ను) వేశారు. 2020 తర్వాత మొదలైన యూనిట్లకు అసలు మినహాయింపే లేదు. ఇక సరుకుకు గిరాకీ లేకపోతే ఏ రాయితీ మిషన్ తిప్పదు. పెంజర్లలో ఒక బహుళజాతి సంస్థ కట్టిన ప్లాంటు పూర్తయ్యాక కూడా ఖాళీగా ఉందని 2018లో వార్తలొచ్చాయి.

కాబట్టి కొత్త రాయితీలు ప్రకటించేముందు పాత బకాయిలు తీర్చాలి. మంజూరైన క్లెయిముల సీనియారిటీ జాబితాను, ఏ తేదీ వరకు మంజూరైనవాటికి చెల్లించారన్న వివరంతో, పరిశ్రమల శాఖ జిల్లాలవారీగా నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. అప్పుడు బ్యాంకులు కూడా ఆ వరుస చూసి, రాబోయే సబ్సిడీని ఎంతవరకు నమ్మి అప్పివ్వాలో తేల్చుకుంటాయి.

– ఒక పన్ను సలహాదారు,
మిర్యాలగూడ