వసతి గృహాల్లో రంగులకు ఒక గది ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విశాఖపట్నంలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతూ బతుకుతున్నాను. కొంతకాలంగా ఆదివారాలు నిరాశ్రయుల వసతి గృహాలకూ, తాగుడు మానడానికి చేరినవాళ్లుండే ఒక కేంద్రానికీ రంగులు పట్టుకుని వెళ్తున్నాను. అడగదలుచుకున్నది ముందే చెప్తాను. మీ శాఖ కింద నడిచే ప్రతి వసతి గృహంలో పగటిపూట ఒక గది కళ కోసం ఉంచండి. అక్కడికొచ్చి నేర్పే కళాకారుడికి నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి.

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి వీధుల్లో తిరిగి లెక్కపెడితే, దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది తేలారు. అందులో 9.38 లక్షలు పట్టణాల్లోనే. అంతకుముందే, 2010లో, చలికి ఢిల్లీ ఫుట్‌పాత్‌ల మీద ప్రాణాలు పోతుంటే సుప్రీంకోర్టు కలగజేసుకుంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు ఒక వసతి గృహం, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, 24 గంటలూ తెరిచి ఉండే తలుపు అని రాసి పెట్టింది. ఉపాధితో కలపాలని కూడా ఉంది. కానీ నేను చూసిన ఒకచోట పొద్దున్న టిఫిన్ అవగానే అందర్నీ బయటికి పంపి తాళం వేస్తారు. రోగం నుంచి అప్పుడే తేరుకున్న మనిషి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చోవాలి. పక్కనే వైన్ షాపు.

నేను వెళ్లే తాగుడు మాన్పించే కేంద్రంలో ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, తాగుడు పట్టుకుంది, అద్దె ఇల్లు పోయింది. మొదట్లో కుంచె ముట్టుకోనన్నాడు, చెయ్యి వణుకుతోందని. కొన్ని వారాలు పక్కన కూర్చుని చూశాడు. ఒకరోజు తనే దారానికి చాక్‌పొడి పట్టించి, రెండు కొసలూ బిగించి, మధ్యలో లాగి వదిలాడు. గోడ మీద తిన్నగా గీత పడింది. ఎడమ చేతిలో కర్ర ఆనించుకుని, దాని మీద కుడి మణికట్టు పెట్టి 'శ్రీ' రాశాడు. గుడిదీర్ఘం చుట్టి వచ్చే ఒంపు దగ్గర ఊపిరి బిగబట్టాడు. "సెయ్యి ఆగుతంది బాబూ" అన్నాడు. తర్వాత గదికో పేరు రాశాడు, వంటగది తలుపు మీద రాశాడు, ఇద్దరు కుర్రాళ్లకు అక్షరాల కొలతలు నేర్పాడు. తాగుడు మానేవాళ్లకు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా గడవడం ఎంత కష్టమో వాళ్లతో ఉన్నవాళ్లకు తెలుసు. ఆయనకు ఆ మూడు గంటలు ఆ గోడ దగ్గర గడిచేవి.

ఆడవాళ్ల వసతి గృహంలో నేను కాగితాలు పంచితే ఎవరూ తీసుకోలేదు. ముగ్గుపిండి తీసుకెళ్తే కథే మారింది. ఎవరితోనూ మాట్లాడని ఒకామె లేచి వచ్చి 21 చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. సందు చుక్క, 11 వరకు. ఆరో వరసలో ఇంకో ఆమె తప్పు పట్టింది. ఇద్దరూ వాదులాడుకున్నారు. అక్కడి వార్డెనమ్మ, ఆమె గొంతు వినడం అదే మొదటిసారి అంది. మన జనానికి కళ బయటినుంచి తెచ్చి ఇవ్వాల్సింది కాదండీ, చాలామంది చేతుల్లో ఉన్నదే. దాన్ని బయటికి తీయడానికి చోటు కావాలి, తోడు కావాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన వైద్యమేమీ కాదు. బ్రెజిల్‌లో నీజి ద సిల్వైరా అనే డాక్టరమ్మ 1946లో రియో నగరపు పిచ్చాసుపత్రిలో కరెంటు షాకులు ఇవ్వనని తిరగబడి, రోగులకు బొమ్మలు గీసే గది తెరిచింది. వాళ్లు గీసినవాటితో 1952లో మ్యూజియమే వెలిసింది. లండన్‌లో 1991 నుంచి ఇల్లు లేనివాళ్లతో నాటకాలాడిస్తున్న కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ బృందం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో 900కు పైగా ప్రచురణలు పరిశీలించి, ఆరోగ్యానికి కళల మేలు గురించి పెద్ద నివేదికే ఇచ్చింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ఏమంటుందో మీకు తెలుసు: కుటుంబం లేదనో, ఇల్లు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు, జనం మధ్య బతికే హక్కు అతనికుంది. ఆ బతుకులో తిండీ నిద్రా కాక ఇంకేమైనా ఉండాలి కదా.

ఇల్లు లేనివాడికి ముందు ఇల్లివ్వాలి గానీ రంగులెందుకని మీ అధికారులు అడగొచ్చు. ఇల్లే ముందు, అందులో అనుమానం లేదు. ఇల్లు ఇవ్వకుండా బొమ్మలు గీయించి చేతులు దులుపుకుంటే అది అన్యాయం. కానీ ఇంటి జాబితాలో పేరెక్కడానికి ఆధార్ కావాలి, చిరునామా కావాలి, నెలలు పడుతుంది. ఆ నెలల్లో మనిషి చెదిరిపోకుండా నిలబడాలి.

ఖర్చు పెద్దదేం కాదు. గది ఉంది, తాళం తీస్తే చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులున్నారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులద్దే కుటుంబాలున్నాయి, శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లున్నారు. నేర్పినందుకు వాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. అమ్ముడుపోయే వస్తువు తయారైతే ప్రభుత్వ హస్తకళల లేపాక్షి దుకాణాల్లో ఒక అర ఇప్పించి, డబ్బు చేసినవాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడేలా చూడండి. ఒక్కటి మాత్రం గట్టిగా కోరుతున్నాను: వాళ్ల ఫొటోలు వాళ్లనడక్కుండా ప్రచారానికి వాడొద్దు. ఊళ్లో అప్పులవాళ్లకూ, వదిలొచ్చిన ఇంటికీ కనబడకూడదనుకునేవాళ్లు అందులో చాలామంది ఉంటారు.

ముందు విశాఖలో ఒకటి రెండు వసతి గృహాల్లో ఏడాది పాటు నడిపి చూడమని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాకు ఆదేశాలివ్వండి. గదిలో ఏ సామాను ఉండాలి, వారానికి ఎన్ని గంటలు నడపాలి అన్నది అక్కడ ఉంటున్నవాళ్లనే కూర్చోబెట్టి అడగమనండి. నా ఆదివారాలు ఎలాగూ అక్కడే, పిలిస్తే మిగతా రోజుల్లోనూ వస్తాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక డ్రాయింగ్ మాస్టారు