నాన్నకు నిద్ర తెచ్చిన వారికి

నెల రోజుల తర్వాత మొన్న రాత్రి మా నాన్న కంటినిండా నిద్రపోయారు. అందుకు కారణమైన వారిని పేరుపేరునా తలుచుకోవాలని ఉంది కానీ, పేర్లు రాయవద్దని వాళ్లే అన్నారు.

ముందు మా తప్పు చెప్పాలి. కళ్లు పచ్చబడగానే పసరు మందు పోయించి, చప్పిడి పథ్యం పెట్టి మూడు వారాలు పోగొట్టాం. దురదతో నాన్న రాత్రంతా కూర్చునే ఉండేవారు. మా వీధిలోని రిటైరైన కాంపౌండరు గారు విషయం విని, "మలం సున్నంలా వస్తోందంటే పైత్యరసం పేగులోకి దిగడం లేదమ్మా, ముందు స్కానింగు తీయించు" అని గట్టిగా కోప్పడ్డారు. ఆ కోపానికి మొదటి నమస్కారం.

క్లోమగ్రంథి (పాంక్రియాస్) తల దగ్గర గడ్డ. అది పైత్యరస నాళాన్ని నొక్కేసింది. రక్తంలో ఒకటి దాటకూడని బిలిరుబిన్, అంటే ఒంటిని పచ్చబరిచే పదార్థం, 18కి చేరింది.

సోమాజిగూడ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు గారు మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించారు. నొక్కుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల స్టెంటు అనే గొట్టం పెట్టాలి. ప్లాస్టిక్ గొట్టం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు, మూడు నెలల్లో పూడుకుపోవచ్చు. లోహపు స్టెంటు నికెల్, టైటానియం కలిసిన తీగల వల. ముడుచుకుని లోపలికి వెళ్లి, అక్కడ తనంతట తానే పది మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. "ఇది గడ్డను కరిగించదు. కామెర్లు దిగితే కీమో మొదలుపెట్టగలం" అన్నారు. ఆశ పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

స్టెంటు వేయకుండా రెండు రోజులు ఆపారని వార్డులో నేను అరిచాను. నర్సమ్మ గారూ, క్షమించండి. పైత్యరసం లేక విటమిన్ కె ఒంటపట్టదని, రక్తం గడ్డకట్టే తీరు సరిపడేదాకా ఇంజెక్షన్లు ఇస్తున్నారని మీరు టీ తెప్పించి మరీ చెప్పారు. ఆ తర్వాత స్టెంటు వేసే ఈఆర్‌సీపీ ప్రక్రియ గంటలోపే అయిపోయింది. నోటిలోంచే కెమెరా గొట్టం పంపారు, పొట్ట మీద గాటు లేదు.

స్టెంటుకు తక్కువ పడిన డబ్బు నాన్నతో ఆర్టీసీ డిపోలో పనిచేసిన వారు సర్దారు. మిగిలింది తిరిగి ఇవ్వబోతే కీమోకు ఉంచమన్నారు.

బిలిరుబిన్ 7కు దిగింది. చలితో జ్వరం వస్తే అర్ధరాత్రైనా తీసుకురమ్మన్నారు, ఇంతవరకు రాలేదు. ఆదివారం చూడడానికి వస్తామన్న డిపో బాబాయిలూ, పదకొండు దాటాక రండి. అప్పటిదాకా ఆయన లేవడం లేదు.