కొలువు బొమ్మలతో పాటు వాటిని చేసిన వారి పేర్లూ నిలవాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడిందంటే ముగ్గుల పోటీలతో పాటు బొమ్మల కొలువు పోటీల ప్రకటనలు కూడా పత్రికల్లో కనిపించడం కొన్నేళ్లుగా చూస్తున్నాను. అపార్ట్‌మెంట్ సంఘాలు, మహిళా మండళ్లు, కొన్ని దుకాణాలు వీటిని నిర్వహిస్తున్నాయి. కొలువు పెట్టడం మానేసిన ఇళ్లలో మళ్లీ మెట్లు లేస్తున్నాయంటే అందుకు ఈ పోటీలు కూడా ఒక కారణం కనుక నిర్వాహకుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే బహుమతి ఎవరికి ఇవ్వాలో తేల్చే చోట ఒక లోపం జరుగుతోందని, దానివల్ల కొలువుకు ప్రాణం వంటి విషయమే పక్కకు పోతోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. కొలువులో ఎన్ని బొమ్మలున్నాయి, ఎన్ని మెట్లున్నాయి, దీపాల అలంకారం ఎలా ఉంది అని చూస్తున్నారు గానీ, ఆ బొమ్మలను ఎవరు చేశారు, ఏ తరం నుంచి అవి ఆ ఇంట్లో ఉన్నాయి అని అడిగేవారు కనబడడం లేదు. ఆ ప్రశ్నలు అడగవలసిన అవసరం గురించే ఈ ఉత్తరం.

కోస్తా జిల్లాల్లో భోగి నాడు మొదలుపెట్టి కనుమ వరకు కొలువు ఉంచే ఆనవాయితీ ఎక్కువ. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ చాలా ఇళ్లలో దసరా నవరాత్రులకు పెడతారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనీ, పై మెట్టున దేవతామూర్తులు, కింది మెట్ల మీద పెళ్లితంతు, సంత, పొలం పనులు, పశువులు ఉండాలనీ, పేరంటానికి వచ్చిన వారికి తాంబూలంతో పాటు శనగలు పంచాలనీ, చివరి రోజున ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించాలనీ పెద్దవాళ్లు చెబుతారు. వీటన్నిటిలో నాకు ముఖ్యంగా తోచేది మరొక నియమం: ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మనైనా చేర్చాలి. పాతవాటిని తీసెయ్యకుండా ఏడాదికొకటి చేరుస్తూ పోవడం వల్ల, నలభై యాభై ఏళ్లు గడిచేసరికి కొలువు ఆ ఇంటి చరిత్రగా మారిపోతుంది. మొదటి బిడ్డ పుట్టిన ఏడాది తెచ్చిన వెన్నకృష్ణుడు, ఇల్లు కట్టుకున్న ఏడాది కొన్న ఎడ్లబండి, తిరుపతి వెళ్లి వస్తూ తెచ్చిన ఎర్రచందనం జంట, ఏదో ఒక వేసవిలో అత్తాకోడళ్లు కలిసి కుట్టిన గుడ్డ ఏనుగు, ఇలా ప్రతి బొమ్మకూ ఒక ఏడాదీ, ఒక మనిషీ ఉంటారు.

సంక్రాంతిని మన పల్లెల్లో పెద్దల పండుగ అని కూడా అంటారు. ఆ రోజున గతించిన వారికి కొత్త బట్టలు పెట్టి, తర్పణాలు విడిచి, వారికి ఇష్టమైన వంటలు వండే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. తెలంగాణలో పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దలను తలచుకుని, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు. అంటే గతించినవారిని స్మరించుకోవడమూ, చేతులతో ఒక అందమైన వస్తువును తీర్చిదిద్దడమూ మన పండుగల్లో పక్కపక్కనే నడుస్తున్నాయి. కొలువులో ఈ రెండు పనులూ ఒక్కటే అవుతాయి. ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పాలి. మన ఇళ్లలో రాసిపెట్టుకున్న వంశవృక్షాలను తెరిచి చూస్తే చాలావరకు మగవారి పేర్లే కనిపిస్తాయి. ఆ ఇంటి కోడళ్లు ఏ ఊరి నుంచి వచ్చారో, ఆడపిల్లలు ఏ ఊరికి వెళ్లారో అందులో ఉండదు. కొలువు బొమ్మలు మాత్రం ఎక్కువగా ఆడవారి చేతుల మీదుగా సాగుతాయి. అమ్మాయి కాపురానికి వెళ్లేటప్పుడో, ఆమెకు ఆడపిల్ల పుట్టినప్పుడో పుట్టింటివారు కొన్ని బొమ్మలు ఇస్తారు, అవి అత్తవారింటి బొమ్మలతో కలుస్తాయి. అందుకే ఒక పాత కొలువులో రెండు మూడు ఇంటిపేర్ల వారి పనితనం ఒకే మెట్టు మీద కనిపిస్తుంది. మన అమ్మమ్మలు, ముత్తమ్మమ్మల గురించి కాగితం మీద ఏమీ మిగలని ఇళ్లలో కూడా వారు చేసిన బొమ్మ ఒకటి మిగిలి ఉండడం నేను చూశాను.

పాత కొలువుల్లో ఇంట్లో చేసిన బొమ్మలు చాలానే ఉండేవి. చిరిగిన పట్టుచీర అంచులతో కుట్టి దూది కూరిన పెళ్లికూతురు, పూసలను దారానికి ఎక్కించి అల్లిన చిలకలు, కాగితాలను నానబెట్టి మెంతులతో కలిపి రుబ్బిన గుజ్జుతో చేసిన బుట్టలు, కొబ్బరి చిప్పల తాబేళ్లు, అగ్గిపుల్లల మండువా ఇల్లు, చెరువు బంకమట్టితో పిల్లలు చేసిన ఆవూ దూడా వీటిలో కొన్ని. కొలువు ముందు పళ్లెంలో మట్టి పోసి, పండుగకు వారం ముందే ఆవాలూ మెంతులూ చల్లితే, భోగి నాటికి పచ్చని పొలం సిద్ధమయ్యేది. ఆ పొలం గట్టున బొమ్మ రైతును నిలబెట్టే హక్కు ఇంట్లో చిన్నవాళ్లది. ఈ పండుగలో ఇంటి చేతిపని కొలువుతోనే ఆగదు. ధనుర్మాసమంతా వాకిట్లో పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి, దండలు గుచ్చి భోగిమంటలో వేయడం, కొన్నింటిని రథసప్తమి నాటి పరమాన్నం వండడానికి దాచడం కూడా ఇందులో భాగమే.

మా ఇంట్లో మా అమ్మమ్మ అల్లిన పూసల చిలక ఉంది. ఎర్రపూసలు అయిపోతే ఆవిడ ముక్కును పసుపు పూసలతో పూర్తి చేసిందని మా అమ్మ చెప్పేది. ఆ ఒక్క సంగతి వల్ల, ఆవిడను ఎన్నడూ చూడని మా పిల్లలకు కూడా ఆవిడ స్వభావం కొంత తెలుస్తోంది: ఉన్నదానితో సరిపెట్టుకునేది, మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేది కాదు. అమ్మ ఆ మాట చెప్పి ఉండకపోతే పెద్దవిడ గురించి మాకు అంతమాత్రం కూడా తెలిసేది కాదు.

కొన్న బొమ్మల సంగతి తీసుకున్నా, పాత కొలువుల్లోనివి దాదాపు అన్నీ చేతితో చేసినవే. కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికి కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. చెక్కేముందు దాన్ని సన్నని సెగ మీద కాచి తేమ పోగొడతారు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో అతికి, ఆరిన తరువాత సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఈ పనిలో ఉన్న ఆర్యక్షత్రియ కుటుంబాలు తమ పూర్వీకులు కొన్ని శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో పని తీరు వేరు. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్కను అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, దానికి మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులను ఈ లక్కపనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. నిర్మల్, చేర్యాల బొమ్మలకు కూడా ఇటువంటి వంశపారంపర్యమైన పనితనమే ఆధారం. కనుక మన కొలువులో ఒక కొండపల్లి అంబారీ ఏనుగు ఉందంటే, అక్కడ మన కుటుంబ చరిత్రతో పాటు మనకు పేరు తెలియని మరొక కుటుంబం చరిత్ర కూడా ఉన్నట్టే. ఆ పేరు అడిగి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కొండపల్లిలో బొమ్మలు చేసేవారి ఇళ్ల వద్దే వాటిని కొనవచ్చు, ఎవరు చేశారని అడిగితే సంతోషంగా చెబుతారు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతోంది. మొత్తం కొలువును ఒకే అచ్చులో పోసిన ప్లాస్టర్ బొమ్మల సెట్టుగా అమ్ముతున్నారు. కొన్ని నగరాల్లో మెట్లు, బొమ్మలు, దీపాలు అన్నీ కలిపి అద్దెకు తెచ్చి పెట్టి, పండుగ తరువాత తీసుకుపోతున్నారు. ఉద్యోగాలతో తీరిక లేని కుటుంబాలకు అది సౌకర్యమే అయినా, ఆ కొలువులో ఆ ఇంటివారిది అంటూ ఏమీ ఉండదు. మరోవైపు, పెద్దవాళ్లు పోయి ఇల్లు పంచుకునే సమయంలో వెండికీ ఇత్తడికీ లెక్క ఉంటుంది గానీ, బొమ్మల పెట్టెకు వారసులు ఉండరు. కాలు విరిగిన కొండపల్లి గుర్రాలు, రంగు వెలిసిన దశావతారాలు గుడి ఆవరణలో రావిచెట్టు కింద వానకు తడుస్తూ ఉండడం ఎందరో చూసే ఉంటారు. ఆ బొమ్మకు విరిగిన కాలును మక్కుతో మళ్లీ అతికించవచ్చు. అది ఎవరిదో చెప్పగలిగిన మనిషి పోయిన తరువాత మాత్రం ఆ మాటను ఎవరూ తిరిగి తీసుకురాలేరు. అందుకే ముందుగా కాపాడవలసింది ఆ సమాచారమే.

ఇందుకు ఖర్చు ఏమీ లేదు. ఈ పండుగకు బొమ్మలు దించేటప్పుడు ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క బొమ్మను చేతికిచ్చి, ఇది ఎవరు చేశారు, ఎప్పుడు వచ్చింది, ఎవరు ఇచ్చారు అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాయాలి. ప్రతి బొమ్మకూ ఒక సంఖ్య ఇచ్చి, దాన్ని చిన్న చీటీ మీద రాసి నూలు దారంతో కట్టాలి. బొమ్మ అడుగున సిరాతో రాయడం, జిగురు కాగితాలు అంటించడం మంచిది కాదు, జిగురు కాగితాలు సున్నం పూతను లాగేస్తాయి. పెద్దవారు చెబుతుంటే సెల్‌ఫోనులో వారి గొంతు రికార్డు చేసుకుంటే మరీ మంచిది. పాత బొమ్మలను తడిగుడ్డతో తుడవకుండా మెత్తటి పొడిబట్టతో దులపాలి. కొత్తగా కనిపించాలని వాటి మీద ఎనామిల్ రంగులు వేయించడం వల్ల పాత చేతివాటం పూర్తిగా మరుగున పడిపోతుంది. తిరిగి పెట్టెలో పెట్టేటప్పుడు పాలిథిన్ సంచుల్లో కాకుండా పాత నూలు గుడ్డల్లో చుట్టి, ఎండిన వేపాకు వేయడం మన పెద్దవాళ్లు చేసిన పద్ధతే. చాలా ఇళ్లలో బొమ్మలు పాత వార్తాపత్రికల్లో చుట్టి ఉంటాయి. వాటిని పారేయబోయే ముందు ఆ కాగితం మీది తేదీ చూడమని కోరుతున్నాను. ఆ బొమ్మ కనీసం ఏ ఏటి నుంచి ఆ పెట్టెలో ఉందో ఊహించడానికి అదొక ఆధారం.

పోటీలు నిర్వహించేవారికి నా విన్నపం ఇది. ఇంట్లో చేసిన బొమ్మలకూ, తరతరాలుగా వచ్చిన బొమ్మలకూ ప్రత్యేకంగా బహుమతి పెట్టండి. న్యాయనిర్ణేతలు కొలువు ముందు నిలబడి ఆ ఇంటి పిల్లల చేత ఏవైనా మూడు బొమ్మల కథ చెప్పించి, దానికి మార్కులు వేయండి. పిల్లలకు తెలియాలంటే ముందు పెద్దలు చెప్పాలి కనుక, పోటీ పేరుతోనైనా ఆ మాటలు ఇంట్లో నడుస్తాయి. చేతిపనికీ యంత్రపు పనికీ మధ్య తేడాను ప్రభుత్వ నిబంధనలే గుర్తించాయి: 2020లో కేంద్రం బొమ్మలకు నాణ్యతా ధ్రువీకరణ తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతివృత్తులవారు చేసిన బొమ్మలకూ, ఫలానా ఊరి ప్రత్యేకత అని భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ మినహాయింపు ఇచ్చింది. పోటీల నియమాల్లోనూ ఆ మాత్రం తేడా పాటించడం న్యాయం. పాఠశాలల్లో సంక్రాంతి సెలవులకు ముందు ఇచ్చే ఇంటిపనిలో ఒక బొమ్మ చరిత్ర రాసుకురమ్మని అడిగితే, పిల్లలకు తెలుగు రాయడమూ, అమ్మమ్మతో మాట్లాడడమూ రెండూ జరుగుతాయి. ప్రభుత్వం విషయానికి వస్తే, తెల్ల పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందని కొండపల్లి కళాకారులు చాలాకాలంగా చెబుతున్నారు. పొణికి మొక్కలను నాటి, అవి చెట్లయ్యే వరకు చూసుకునే బాధ్యతను అటవీ శాఖ తీసుకోవాలి.

కొలువు పెట్టే ఆనవాయితీ అన్ని ఇళ్లలోనూ లేదు. అటువంటి ఇళ్లలోనూ తరాల చేతిపని ఏదో ఒక రూపంలో తప్పక ఉంటుంది. వినాయక చవితికి తాతగారు చెక్కించిన పాలవెల్లి, పెళ్లిపీటల మీద నాయనమ్మ వేసిన ముగ్గు, గుమ్మానికి కట్టే పూసల తోరణం కావచ్చు. వాటికీ ఇదే విధంగా పేర్లు రాసి ఉంచవచ్చు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ స్థిరపడి, సంక్రాంతికి దగ్గరి వారాంతంలో కొలువు పెట్టుకుంటున్న మన పిల్లలకు ఊరి నుంచి బొమ్మలు పంపేవారు, ఆ నోటు పుస్తకం నకలు కూడా పంపితే అక్కడ పుట్టిన మనవలకు తమ ముత్తమ్మమ్మ పేరు తెలుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. సంక్రాంతి వారంలో జిల్లా సంచికల్లో కొంత చోటు కేటాయించి, పాఠకులు పంపే ఇంటి బొమ్మల ఫోటోలను ప్రచురించండి. ఫోటో కింద కొలువు పెట్టినవారి పేరుతో పాటు ఆ బొమ్మను చేసినవారి పేరు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరం తప్పనిసరిగా ఉండాలని నియమం పెట్టండి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్, చేర్యాల నుంచి వచ్చిన బొమ్మలైతే కళాకారుల పేరు కూడా అడగండి. మీరు అంగీకరిస్తే మా అమ్మమ్మ చిలక ఫోటో, ఆవిడ పేరు, ఊరు నేను వెంటనే పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి